డిగ్రీలో సైకాలజీ చదవాలనుకుంటే ఏ దారి ఎవరికి?

ఇంటర్ ఫలితాలు వచ్చి, డిగ్రీ సీటు కోసం తెలంగాణలో అయితే దోస్త్‌లోనో, ఆంధ్రప్రదేశ్‌లో అయితే ఓఏఎండీసీలోనో వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజుల్లో ఈమధ్య ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తోంది: "సైకాలజీకి మంచి కాలేజీ ఏది?" ఏదో ఒక పేరు చెప్పి ఊరుకోవచ్చు. కానీ నీట్‌లో సీటు రాని బైపీసీ అమ్మాయి, డీఎస్సీ మీద కన్నేసిన అబ్బాయి, బీటెక్ మధ్యలో మనిషి మెదడు మీద ఆసక్తి పుట్టిన కుర్రాడు, ఇల్లు, ఉద్యోగం చూసుకుంటూ చదువుకోవాలనుకునే ఇల్లాలు... అందరూ అడిగేది ఈ ప్రశ్నే అయినా ఒకరికి సరిపోయేది ఇంకొకరికి సరిపోదు.

పైగా మొదటి ఏడాది సైకాలజీ సిలబస్ దాదాపు అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ పెట్టిన ప్రయోగశాలతో మొదలుపెడతారు. తర్వాత నాడీకణం, మెదడు భాగాలు, సంవేదన, ప్రత్యక్షం, అభ్యసనం, స్మృతి, ప్రేరణ, ఉద్వేగాలు, ప్రజ్ఞ, మూర్తిమత్వం. ఢిల్లీలో చదివినా దేవరకొండలో చదివినా పావ్లోవ్ కుక్క అదే, స్కిన్నర్ ఎలుక అదే. అందుకని రెండు కాలేజీల సిలబస్‌లు పక్కపక్కన పెట్టుకుని చూస్తే పెద్దగా ఏమీ తేలదు. తేడా కనిపించేది మూడు విషయాల్లో. ల్యాబ్‌లో నిజంగా ఏం చేయిస్తారు? స్టాటిస్టిక్స్ ఎంత గట్టిగా చెబుతారు? ఆ డిగ్రీతో తర్వాత ఎక్కడికి వెళ్లగలరు?

## ఆప్షన్లు పెట్టకముందే చేయాల్సిన పని

మన దగ్గర ఇంటర్‌లో సైకాలజీ చదివే అవకాశం చాలా అరుదు. అందుకే ఎక్కువమంది ఆ సబ్జెక్టు పుస్తకం ఒక్క పేజీ కూడా తిప్పకుండానే డిగ్రీలో చేరిపోతారు. ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 తరగతుల సైకాలజీ పుస్తకాలు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. 11వ తరగతి పుస్తకంలో పరిశోధన పద్ధతుల గురించి చెప్పే రెండో అధ్యాయం మొదట చదవండి. తర్వాత స్మృతి అధ్యాయం. ఇంగ్లిష్ కాస్త కష్టంగా ఉన్నా ఒక వారంలో రెండూ అయిపోతాయి.

పరిశోధన పద్ధతుల అధ్యాయమే ఎందుకంటే, సైకాలజీ మీద మనకుండే ఊహలన్నీ అక్కడే చెదిరిపోతాయి. తెలుగులో సైకాలజీ అనగానే చాలామందికి వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు, యూట్యూబ్‌లో "ఎదుటివాళ్ల మనసు చదవడం ఎలా" లాంటి వీడియోలు గుర్తొస్తాయి. డిగ్రీలో అదేమీ ఉండదు. ఒక ప్రయోగంలో ఏ అంశాన్ని మార్చాలి, దేన్ని కొలవాలి, దేన్ని అదుపులో ఉంచాలి అన్న చర్చ ఉంటుంది. సగటు, ప్రామాణిక విచలనం, సహసంబంధం లెక్కలు ఉంటాయి. ఫ్రాయిడ్ కోసం చేరినవాళ్లకు ఆయన దొరికేది కొన్ని పేజీల్లోనే. ఈ అధ్యాయం చదివాక కూడా "ఇంకా తెలుసుకోవాలి" అనిపిస్తే నిశ్చింతగా ముందుకు వెళ్లండి. విసుగొస్తే ఇంకోసారి ఆలోచించండి, ఎందుకంటే మూడేళ్లూ చదవాల్సింది ఇదే.

ఇంకో మాట. తమ మనసులో బాధకు మందు దొరుకుతుందని సైకాలజీలో చేరేవాళ్లు తక్కువేమీ కాదు. అందులో తప్పులేదు కానీ, డిగ్రీ క్లాసు ఆ పని చేయదు. టెన్షన్, దిగులు రోజుల తరబడి వదలకపోతే సీటు వచ్చేదాకా ఆగకుండా టెలీ-మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఉచితం. తెలుగులోనే మాట్లాడతారు.

## దేన్ని చూసి ఎంచుకోవాలి?

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది, సైకాలజీ మీకు ఎందుకు అన్నది. అది తేలకుండా కాలేజీలు పోల్చడం వృథా.

థెరపీ ఇచ్చే క్లినికల్ సైకాలజిస్టు కావాలనుకుంటే ఒక సంగతి ఇప్పుడే తెలియాలి: మామూలు బీఏ, బీఎస్సీ ఏదీ మిమ్మల్ని క్లినికల్ సైకాలజిస్టును చేయదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ పేరు ఎవరికి వర్తిస్తుందో స్పష్టంగా చెప్పింది. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన క్లినికల్ సైకాలజీ అర్హత ఉండాలి. లేదా సైకాలజీలో పీజీ చేసి, ఆపైన పర్యవేక్షణలో రోగులతో పనిచేసే రెండేళ్ల ఫుల్‌టైమ్ ఎంఫిల్ చేసి ఉండాలి. ఇప్పుడు ఎంఫిల్ పద్ధతి కూడా మారుతోంది. దేశమంతా ఎంఫిల్ ఆపేసిన యూనివర్సిటీల నియంత్రణ సంస్థ యూజీసీ, క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 దాకా మినహాయింపు ఇచ్చింది. ఏ పేరుతో చేసినా ఈ దారి పొడవు డిగ్రీ తర్వాత ఇంకా కొన్నేళ్లు. ఇంట్లోవాళ్లకు ఈ లెక్క ముందే చెప్పి ఉంచడం మంచిది. మూడేళ్లయ్యాక "ఇంకా ఎన్నాళ్లు?" అని వాళ్లు అడిగితే జవాబు చెప్పలేక మధ్యలో ఆపేసేవాళ్లున్నారు.

నీట్ రాని బైపీసీ విద్యార్థులు మరో తేడా గమనించాలి. మందులు రాసేది సైకియాట్రిస్టు, అంటే ఎంబీబీఎస్ తర్వాత సైకియాట్రీలో పీజీ చేసిన డాక్టరు. సైకాలజిస్టు మందులు రాయరు. "డాక్టర్ సీటు రాలేదు, దాదాపు అలాంటిదే కదా" అనుకుని చేరితే ఆ అసంతృప్తి చివరిదాకా వెంటాడుతుంది.

టీచరు ఉద్యోగం, హెచ్‌ఆర్, సివిల్స్ ఆప్షనల్, సోషల్ వర్క్, యూఎక్స్ పరిశోధన (యాప్‌లు, వెబ్‌సైట్లు వాడేవాళ్ల అనుభవం మీద పరిశోధన) లాంటివి మీ గమ్యమైతే లెక్క వేరు. అక్కడ డిగ్రీ మీద ఏం రాసి ఉంది అన్నదానికంటే మీకు ఏం వచ్చు అన్నదే ముఖ్యం. ఖర్చు తక్కువ దారులు ఇక్కడ చక్కగా పనికొస్తాయి.

రెండో కొలమానం ప్రాక్టికల్స్, స్టాటిస్టిక్స్. సైకాలజీ ప్రయోగశాల చూడటానికి చిన్నదే. గీతల పొడవు ఒకేలా ఉన్నా వేరుగా కనిపించే ముల్లర్-లయర్ బోర్డు, అద్దంలో చూస్తూ నక్షత్రం గీసే పెట్టె, క్షణకాలం మాత్రమే అక్షరాలు చూపించే టాకిస్టోస్కోప్, వేలితో దారి వెతికే మేజ్, స్టాప్‌వాచ్‌లు. విద్యార్థులు జంటలుగా కూర్చుని, ఒకరు ప్రయోగం చేస్తే ఇంకొకరు సబ్జెక్టు, అంటే ప్రయోగానికి కూర్చునే మనిషి అవుతారు. అద్దంలో చూస్తూ ఎడమ చేత్తో నాలుగైదు సార్లు నక్షత్రం గీశాక కుడి చేత్తో గీస్తే తప్పులు తగ్గుతాయి. బీఎడ్ పుస్తకంలో "ద్విపార్శ్వ బదలాయింపు" అని బట్టీ పట్టే విషయమే ఇది. తన చెయ్యే చేసి చూపించాక దాన్ని ఎవరూ మరిచిపోరు. కొన్ని కాలేజీల్లో ఈ పెట్టె తాళం తీయరు, సీనియర్ల రికార్డు చూసి అంకెలు కాపీ చేయిస్తారు. అలాంటిచోట బీఏ సైకాలజీ చదవడమంటే ఈతను పుస్తకంలో నేర్చుకోవడమే.

భాష, డబ్బు, ఇంటికి దూరం, ఈ మూడింటి సంగతి ఎవరిది వాళ్లకే తెలుసు. భాష గురించి ఒక్కటే చెబుతాను. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు మొదటి సెమిస్టర్‌లో ఇంగ్లిష్ పాఠ్యపుస్తకం బరువుగానే ఉంటుంది. డీఎడ్, బీఎడ్ విద్యా మనోవిజ్ఞాన శాస్త్రం పుస్తకం ఒకటి పక్కన పెట్టుకోండి. శాస్త్రీయ నిబంధనం, కార్యసాధక నిబంధనం, పునర్బలనం అని తెలుగులో ఒకసారి అర్థమైతే ఇంగ్లిష్ పేజీ సగం తేలికవుతుంది.

## ఒక్క చూపులో

| దారి | ప్రాక్టికల్స్ | ఖర్చు | ముందున్న అవకాశం | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| మన జిల్లాలోని డిగ్రీ కాలేజీ | కాలేజీని బట్టి చాలా తేడా | తక్కువ, రీయింబర్స్‌మెంట్ ఉంటే మరీ తక్కువ | పీజీ, బీఎడ్, గ్రూప్స్ | ఇంటి దగ్గరే ఉండాల్సినవాళ్లు, ఇంకా తేల్చుకోనివాళ్లు |
| ఢిల్లీ, బెంగళూరు ఆనర్స్ | సాధారణంగా బలమైనవి | హాస్టల్‌తో కలిపి ఎక్కువ | మంచి పీజీలు, పరిశోధన, విదేశాలు | సైకాలజీయే జీవితమని తేల్చుకున్నవాళ్లు |
| నాలుగేళ్ల బీఎస్సీ క్లినికల్ సైకాలజీ | క్లినికల్ వైపు ఎక్కువ మొగ్గు | ఎక్కువ | క్లినికల్ పీజీలు | థెరపీ తప్ప ఇంకేమీ వద్దనుకునేవాళ్లు |
| దూరవిద్య | - | - | కొత్త అడ్మిషన్లు ఆగిపోయాయి | - |
| మైనర్ లేదా ఎలెక్టివ్ | నామమాత్రం | అదనంగా ఏమీ లేదు | ఆసక్తి, కొన్నిచోట్ల పీజీ | బీటెక్, బీకాం, బీబీఏ వాళ్లు |
| ఉచిత ఆన్‌లైన్ | లేవు | దాదాపు సున్నా | డిగ్రీ రాదు | ముందు రుచి చూడాలనుకునేవాళ్లు |

## మన డిగ్రీ కాలేజీలు

తెలంగాణలో దోస్త్ ద్వారా బీఏలో సైకాలజీని మరో రెండు సబ్జెక్టులతో కలిపి తీసుకునే పద్ధతి చాలాకాలంగా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో సింగిల్ మేజర్ పద్ధతి తెచ్చారు. ఆ పద్ధతిలో ఒకటి ప్రధానంగా, మరొకటి మైనర్‌గా చదవాలి. ఈ నియమాలు తరచూ మారుతుంటాయి కాబట్టి మీరు చేరే ఏడాది నోటిఫికేషన్ చదవండి, పక్కింటి అక్క చేరినప్పటి లెక్క పనికిరాకపోవచ్చు.

మూడు సబ్జెక్టుల పద్ధతిలో లాభం ఏమిటంటే, సైకాలజీ నచ్చకపోయినా చేతిలో ఇంకో రెండు ఉంటాయి. సోషియాలజీతోనో ఇంగ్లిష్‌తోనో కలిస్తే బీఎడ్‌కీ, గ్రూప్స్‌కీ తేలిగ్గా మళ్లొచ్చు. నష్టం లోతు లేకపోవడం. వారంలో సైకాలజీకి దక్కే పీరియడ్లు తక్కువ. చాలా కాలేజీల్లో సైకాలజీకి ఒక్కరే లెక్చరర్, కొన్నిచోట్ల ఆ ఒక్కరూ గెస్ట్ ఫ్యాకల్టీయే. ఆయన వేరే కాలేజీకి వెళ్లిపోతే ఆ సెమిస్టర్ గతి అంతే.

హైదరాబాద్‌లో పరిస్థితి కాస్త మెరుగు. బేగంపేటలోని సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కాలేజీ లాంటిచోట్ల సైకాలజీ చాలా ఏళ్లుగా నడుస్తోంది. నగరంలో ఉండటంవల్ల ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థ లాంటివి దగ్గర్లో ఉంటాయి. విశాఖపట్నంలో ఆంధ్రా యూనివర్సిటీ సైకాలజీ విభాగం, ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీలోనూ సైకాలజీ విభాగం ఉంది. డిగ్రీ కాలేజీ చిన్నదైనా ఊళ్లో ఇలాంటి విభాగం ఉంటే సెమినార్లకు, లైబ్రరీకి, సెలవుల్లో ఇంటర్న్‌షిప్‌కి పనికొస్తుంది. ఫలానా జిల్లా కంటే ఫలానా జిల్లా మేలు అని నేను చెప్పేది ఇందుకే తప్ప, కాలేజీ బిల్డింగు చూసి కాదు.

## ఢిల్లీ, బెంగళూరు

ఢిల్లీ యూనివర్సిటీ కాలేజీల్లో బీఏ ఆనర్స్ సైకాలజీకి సీయూఈటీ, అంటే కేంద్ర యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంటర్‌లో సైకాలజీ చదివి ఉండనక్కర్లేదు. పరీక్షను తెలుగు మాధ్యమంలో రాసే వీలు కూడా ఉంది. కాకపోతే చేరాక క్లాసు ఇంగ్లిష్‌లోనే జరుగుతుంది. బెంగళూరులోని క్రైస్ట్ యూనివర్సిటీ తన సొంత పరీక్ష పెట్టుకుంటుంది. దాన్నీ సీయూఈటీ అనే పిలుస్తారు కాబట్టి దరఖాస్తు చేసేటప్పుడు ఏది దేనికో చూసుకోండి.

ఈ దారిలో బలం సావాసం. క్లాసులో అందరూ సైకాలజీ కోసమే వచ్చినవాళ్లు. మొదటి ఏడాదిలోనే స్టాటిస్టిక్స్ పేపరు, రెండో ఏడాది నుంచి చిన్న చిన్న ప్రాజెక్టులు, నాలుగో ఏడాది ఉంటే పరిశోధన. పీజీ ఎంట్రన్స్‌లో, విదేశీ దరఖాస్తుల్లో ఇది బాగా కలిసొస్తుంది.

ఖర్చు మాత్రం తీసిపారేసేది కాదు. ఢిల్లీలో కాలేజీ ఫీజు తక్కువే అయినా హాస్టల్ అందరికీ దొరకదు, పేయింగ్ గెస్ట్ గది అద్దె, మెస్, రైలు ఖర్చులు కలిస్తే ఫీజు చిన్నదిగా కనిపిస్తుంది. ప్రైవేటు యూనివర్సిటీల్లో ఫీజే ఏడాదికి లక్ష దాటడం మామూలు. మన రాష్ట్రంలో చదివితే వచ్చే రీయింబర్స్‌మెంట్‌ను నమ్ముకున్న కుటుంబాలు ఈ లెక్క కాగితం మీద వేసుకోవాలి. అప్పు చేసి బీఏ ఆనర్స్ చదవమని నేనెవరికీ చెప్పను. అప్పు చేయక తప్పదంటే దాన్ని పీజీకి దాచుకోండి. సైకాలజీలో ఉద్యోగాన్ని నిర్ణయించేది ఆ పీజీయే.

## బీఎస్సీ క్లినికల్ సైకాలజీ

పేరు వింటేనే ఆకర్షణ. అందుకే ఇక్కడ జాగ్రత్త ఎక్కువ అవసరం. ఆర్‌సీఐ ఆమోదంతో నడిచే నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ వేరు, ఏదో ప్రైవేటు సంస్థ అదే పేరుతో సొంతంగా నడిపే కోర్సు వేరు. రెండిటి బ్రోచర్లూ ఒకేలా ఉంటాయి. ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో ఆమోదించిన సంస్థల జాబితా ఉంటుంది, అందులో ఆ కాలేజీ పేరు, ఆ కోర్సు పేరు రెండూ ఉన్నాయో లేదో మీరే చూడండి. అడ్మిషన్ ఆఫీసులో "అప్లై చేశాం, వచ్చేస్తుంది" అంటే రాలేదనే అర్థం.

నా అభిప్రాయం అడిగితే, 17 ఏళ్లకే ఇంత ఇరుకు దారి ఎంచుకోవడం అందరికీ మంచిది కాదు. రోగులతో పనిచేయడం మీకు సరిపడుతుందో లేదో అప్పటికి మీకే తెలియదు. మామూలు సైకాలజీ డిగ్రీ చేసి క్లినికల్ పీజీకి వెళ్లే దారి ఎలాగూ ఉంది. ఇంట్లో ప్రత్యేక అవసరాలున్న తమ్ముడో చెల్లెలో ఉండి, థెరపీ సెంటర్ల చుట్టూ తిరిగిన అనుభవం ఉన్నవాళ్ల విషయం వేరు. వాళ్లకు ఈ పని ఏమిటో తెలుసు.

## దూరవిద్య సంగతి

మొన్నమొన్నటి దాకా ఉద్యోగం చేసుకునేవాళ్లకు, ఇల్లు కదలలేనివాళ్లకు ఇదే మొదటి సలహా. ఇగ్నోలో బీఏ ఆనర్స్ సైకాలజీ ఉండేది. 2025 ఆగస్టులో యూజీసీ దీనికి తెరదించింది. 2021 అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం పరిధిలోకి వచ్చే సైకాలజీ లాంటి కోర్సులను 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని యూనివర్సిటీలను ఆదేశించింది. బీఏలో చాలా సబ్జెక్టులుంటే సైకాలజీ వరకే తీసేయాలి, మిగతావి నడుపుకోవచ్చు.

ఈ నిర్ణయం మంచిదా చెడ్డదా అంటే రెండూ. ల్యాబ్ ముఖం చూడకుండా పట్టా తెచ్చుకుని కౌన్సెలింగ్ బోర్డు పెట్టేవాళ్లకు అడ్డుకట్ట పడింది. కానీ పల్లెలో ఉండి చదువుకునే ఆడపిల్లలకు ఉన్న ఒక్క దారీ మూసుకుపోయింది. ఇప్పటికీ "దూరవిద్యలో సైకాలజీ డిగ్రీ, అడ్మిషన్లు జరుగుతున్నాయి" అని వాట్సాప్‌లో ప్రకటనలు తిరుగుతున్నాయి. డబ్బు కట్టే ముందు యూజీసీ దూరవిద్య విభాగం సైట్‌లో ఆ కోర్సు ఆ ఏడాదికి ఉందో లేదో చూడండి. మూడు నెలల "డిప్లొమా ఇన్ కౌన్సెలింగ్" సర్టిఫికెట్లు డిగ్రీకి ప్రత్యామ్నాయం కావు, వాటితో పీజీలో ఎవరూ చేర్చుకోరు.

## ఎలెక్టివ్, ఉచిత ఆన్‌లైన్

బీటెక్‌లోనో బీబీఏలోనో ఉన్నవాళ్లు సైకాలజీ కోసం డిగ్రీ మార్చుకోనక్కర్లేదు. ఓపెన్ ఎలెక్టివ్‌లో సైకాలజీ ఉంటే తీసుకోండి. లేకపోతే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయంలో కోర్సు చేసి, కాలేజీ ఒప్పుకుంటే క్రెడిట్లు బదిలీ చేయించుకోవచ్చు. సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చేసుకోవచ్చని యూజీసీ నియమం ఉంది, కానీ అమలు మీ ఎగ్జామ్ బ్రాంచి దయ. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల సైకాలజీ కోర్సులున్నాయి, సెంటర్‌కి వెళ్లి పరీక్ష రాస్తే సర్టిఫికెట్ వస్తుంది. కోడింగ్ వచ్చినవాళ్లకు ఇంకో తలుపు కాగ్నిటివ్ సైన్స్, అంటే ఆలోచన, జ్ఞాపకం లాంటివి ఎలా పనిచేస్తాయో చూసే శాస్త్రం. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో నాడీ, కాగ్నిటివ్ శాస్త్రాల కేంద్రం ఉన్నాయి. ఇంజనీరింగ్ నేపథ్యం ఈ రంగంలో లోటు కాదు, బలమే.

పాఠ్యపుస్తకం కోసం ఓపెన్‌స్టాక్స్ వాళ్ల సైకాలజీ పుస్తకం ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. అమెరికాలో కాలేజీ మొదటి ఏడాదివాళ్ల కోసం రాసింది కాబట్టి ఉదాహరణలన్నీ అక్కడివే. బేస్‌బాల్ గురించి వచ్చినప్పుడు క్రికెట్ అనుకుని చదువుకోండి.

## ఒకే పాఠం, వేర్వేరు చోట్ల

ఈ దారుల తేడా నిజంగా తెలియాలంటే స్మృతి పాఠం ఒక్కటి తీసుకుని చూడండి.

టెట్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్లకు ఇది బిట్ల పాఠం. ఎబ్బింగ్‌హాస్, 1885, అర్థరహిత పదాలు, విస్మృతి వక్రరేఖ (నేర్చుకున్నది ఎంత త్వరగా మరిచిపోతామో చూపే గీత). పేపర్-1లో 150 మార్కులకు శిశు వికాసం, పెడగాగీ వాటా 30. అందులో రెండు మూడు బిట్లు ఇక్కడినుంచి వస్తే చాలు. ఇంతకంటే లోతు అక్కడ అక్కర్లేదు.

ల్యాబ్ సరిగ్గా నడిచే డిగ్రీ కాలేజీలో ఆ అర్థరహిత పదాల జాబితా మీరే తయారుచేస్తారు. పక్కన కూర్చున్న స్నేహితురాలికి చదివి వినిపించి, ఎన్ని గుర్తున్నాయో రాసుకుని, గంట తర్వాత మళ్లీ అడిగి, గ్రాఫు గీస్తారు. ఎబ్బింగ్‌హాస్ గీత ఎంత వంగిందో మీ గీత అంత వంగదు. ఎందుకు వంగలేదని వైవాలో అడిగినప్పుడు చెప్పే జవాబే సైకాలజీ.

మంచి ఆనర్స్ కోర్సులో ఇదే పాఠం 1974 నాటి లోఫ్టస్, పామర్ ప్రయోగం దాకా వెళ్తుంది. కార్లు గుద్దుకున్న వీడియో చూపించి "ఎంత వేగంతో ఢీకొన్నాయి?" అని కొందరిని, "ఎంత వేగంతో తగిలాయి?" లాంటి మెత్తని మాటతో మరికొందరిని అడిగితే, గట్టి మాట విన్నవాళ్లు ఎక్కువ వేగం చెప్పారు. ప్రశ్నలోని ఒక్క మాట జ్ఞాపకాన్ని మార్చేస్తుందని తేల్చిన ప్రయోగం. ఇక్కడితో ఆగరు, ఇలాంటి ఫలితాలు మళ్లీ చేస్తే వస్తాయా అని అడగడం నేర్పిస్తారు. 2015లో పరిశోధకుల బృందం ఒకటి 100 సైకాలజీ అధ్యయనాలను మళ్లీ చేస్తే, గణాంకపరంగా నిలబడే ఫలితం మళ్లీ వచ్చింది సుమారు 36 శాతంలోనే. పాఠ్యపుస్తకాన్నే అనుమానించడం నేర్పే కోర్సు ఏ ఊళ్లో ఉన్నా మంచిదే.

క్లినికల్ కోర్సులో ఈ పాఠం మతిమరుపు జబ్బున్న పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తుంది. మూడు మాటలు చెప్పి కాసేపాగి అడగడం, ఆయన చెప్పలేక చిరాకుపడితే ఓపిగ్గా ఉండటం. ఆన్‌లైన్‌లో అయితే గొప్ప ప్రొఫెసరు నోట వింటారు, చేత్తో ఏమీ చేయరు.

మీ మనసు వీటిలో దేని దగ్గర ఆగిందో చూసుకోండి. ర్యాంకుల జాబితాల కంటే అదే బాగా చెబుతుంది.

## కొన్ని మామూలు సందర్భాలు

ఊరు దాటనివ్వరు, తెలుగు మీడియం. దగ్గర్లోని కాలేజీలో మూడింటిలో ఒకటిగా తీసుకోండి. పీజీకి బయటికి వెళ్లడమే లక్ష్యంగా పెట్టుకుని మూడేళ్లలో ఇంగ్లిష్, స్టాటిస్టిక్స్ మీద పనిచేయండి. దగ్గర్లో సైకాలజీయే లేకపోతే సోషియాలజీనో హోమ్‌సైన్సో చేసి పీజీలో మారే వీలుంటుంది. వేరే డిగ్రీవాళ్లను ఎంఏ సైకాలజీలో తీసుకునే నియమం యూనివర్సిటీని బట్టి మారుతుంది కాబట్టి, రెండు మూడు పీజీ నోటిఫికేషన్లు ఇప్పుడే చదివి పెట్టుకోండి.

ఎంపీసీ చదివి ఇంజనీరింగ్ వద్దనుకున్నవాళ్లు. మీకున్న లెక్కల బలం సైకాలజీలో చాలామందికి లేదు. ఆనర్స్‌కి ప్రయత్నించండి. స్టాటిస్టిక్స్‌ని మైనర్‌గా తీసుకునే వీలుంటే వదులుకోవద్దు.

నీట్ లాంగ్‌టర్మ్ చేసి అలసిపోయినవాళ్లు. వెంటనే ఏ క్లినికల్ కోర్సులోనూ డబ్బు కట్టకండి. పైన చెప్పిన రెండు అధ్యాయాలు చదవండి. తర్వాత కూడా ఇష్టం నిలబడితే మామూలు సైకాలజీ డిగ్రీలో చేరండి. బయాలజీ వచ్చినవాళ్లకు మెదడు, నాడీవ్యవస్థ యూనిట్లు నల్లేరు మీద నడక.

డీఎస్సీయే లక్ష్యం. సైకాలజీ డిగ్రీ కోసం ఆరాటపడొద్దు. బీఎడ్‌లో పోస్టుకు పనికొచ్చే మెథడాలజీ సబ్జెక్టు ఉన్న డిగ్రీ ముఖ్యం. టెట్‌కి కావలసిన సైకాలజీ బీఎడ్ పుస్తకాల్లోనే సరిపోతుంది.

ఉద్యోగం చేస్తున్నవాళ్లు. దూరవిద్య ఆగిపోయింది కాబట్టి నిజంగా రంగం మారాలనుకుంటే రెగ్యులర్ పీజీ ఒక్కటే దారి. అంటే రెండేళ్లు జీతం వదులుకోవాలి. ఆసక్తి కోసమైతే స్వయం, ఓపెన్‌స్టాక్స్ చాలు.

## కాలేజీకి వెళ్లి అడగాల్సినవి

అడ్మిషన్ కౌంటర్ దగ్గర కాకుండా నేరుగా సైకాలజీ డిపార్ట్‌మెంట్‌కి వెళ్లండి, అదీ క్లాసులు నడిచే రోజున. ల్యాబ్ చూపించమనండి. తాళం చెవి కోసం వెతుకులాట మొదలైతే సగం జవాబు దొరికినట్టే. రెగ్యులర్ లెక్చరర్ ఎంతమంది, గెస్ట్ ఎంతమంది? సెమిస్టర్‌కి ఎన్ని ప్రయోగాలు చేయిస్తారు? స్టాటిస్టిక్స్ ఎవరు చెబుతారు, సైకాలజీ లెక్చరరా, కామర్స్ నుంచి వచ్చినవాళ్లా? పోయిన ఏడాది పాసైనవాళ్లలో సైకాలజీ పీజీకి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా, ఉంటే ఎక్కడ?

సెకండియర్ విద్యార్థి ఎవరైనా కనబడితే రికార్డు ఒకసారి ఇమ్మని అడగండి. ఇద్దరి రికార్డులు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. ప్రయోగం ఒకటే అయినా, దానికి కూర్చున్న మనుషులు వేరు కాబట్టి అంకెలు వేరుగా ఉండాలి. రెండిట్లో ముల్లర్-లయర్ అంకెలు అచ్చు గుద్దినట్టు ఒకటే ఉంటే ఆ కాలేజీని ఆప్షన్లలో కిందికి దించండి.